నా నిద్రకు వల వేసిన రోజు

ఆ రోజుల్లో నేను ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రపోయేదాన్ని. ఆ రోజులంటే తాతలనాటి మాట అనుకునేరు, కాదు. మా వల్లూరు చుట్టుపక్కల వేరుశనగ చేలు ఒక్కొక్కటే పోయి, వాటి స్థానంలో సోలార్ ప్లేట్లు వరసలు వరసలుగా లేచిన కొత్తలో సంగతి ఇది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఆ వయసు ఆడపిల్లలు ఎప్పుడూ కలల్లో తేలుతుంటారని అంటారు కదా, నేనూ తేలేదాన్ని. కాకపోతే పట్టపగలు, నోరు తెరుచుకుని, బస్సు కిటికీ ఊచకు నుదురు ఆనించి. పావగడ నుంచి ఇంటికి రావడానికి బస్సెక్కితే కొండ దాటేలోపే కళ్లు మూతపడేవి. మా ఊరు వచ్చేది, పోయేది, నేను మాత్రం ఆఖరి ఊళ్లో దిగి, అదే బస్సులో వెనక్కి వచ్చేదాన్ని. చివరికి కండక్టరుకే జాలేసి, మా ఊరి మలుపు రాగానే నా సీటు వెనక రేకు మీద దబదబా బాదేవాడు. "నిద్దరమ్మా, లేయమ్మా, నీ ఊరు వచ్చినాది" అని అతను అరిస్తే బస్సంతా నవ్వేది. (నేను దిగి నాలుగడుగులు వేశాక నాకూ నవ్వొచ్చేది. అంతవరకూ అతనెవరో, నేనెవరో గుర్తొచ్చేది కాదు.)

ఈ నిద్ర నాతో ఆటలాడటం మొదలుపెట్టింది సెకండ్ పీయూ (మా కర్ణాటకలో ఇంటర్ రెండో ఏడాదిని అలా అంటారు) పరీక్షలప్పుడు. అర్థశాస్త్రం పేపరు. మొదటి ప్రశ్నకు సగం జవాబు బాగానే రాశాను. "ధర పెరిగినప్పుడు" అనే మాట దగ్గర పెన్ను కాస్త మెత్తగా కదిలింది. ఆ తర్వాత గీత ఒకటి కాగితం చివరిదాకా పాకి, అక్కడి నుంచి బల్ల మీదికి దిగిపోయింది. నేను మాత్రం ఎక్కడో చల్లని మబ్బుల్లో పడుకుని ఉన్నాను. కళ్లు తెరిచేసరికి మేడం నా భుజం తడుతూ ఉంది. "ఏమ్మా, ఒంట్లో బాగలేదా?" అంది. "బాగుంది మేడం, నిద్దర వచ్చినాది, అంతే" అన్నాను నిజాయితీగా. ధర పెరిగితే ఏమవుతుందో ఆ పేపరు దిద్దినవారికి ఈ రోజుకీ తెలియదు. నా చదువు అక్కడితో ఆగింది.

ఇంట్లో ఇక నా పరువు గురించి చెప్పక్కర్లేదు. అమ్మ తెల్లవారుజామునే లేచి, కసువు ఊడ్చి, గొర్రెలను నాయనతో మేతకు తోలి, ముద్దకు ఎసరు పెట్టి, అప్పుడు నా దగ్గరికి వచ్చేది. "ఒసే, పొద్దు నెత్తికెక్కినాది, లెయ్యే! ఆ నిద్దరేందే, రాక్షసి నిద్దర! నీ ఈడుకు నేను నిన్ను సంకనేసుకొని కలుపు తీస్తాంటిని" అని దుప్పటి లాగేది. నేను లేచి కూర్చునేదాన్ని. కూర్చునే మళ్లీ నిద్రపోయేదాన్ని. మా అవ్వకు మాత్రం నా మీద కోపం లేదు, అనుమానమంతా ప్లేట్ల మీదే. "దిష్టి తగిలినాదే దీనికి. ఈడ సుట్టూరా అద్దాలే గదా, ఒకో అద్దం ఒకో కన్ను. అన్ని కండ్లు సూస్తే బిడ్డకు నిద్దర రాకుండా ఏం సేస్తాది?" అని ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసేది. ఆ మిరపకాయల ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గుతూ వీధిలోకి పరిగెత్తితే, నేను ఆ పొగలోనే హాయిగా ఒక కునుకు తీసేదాన్ని.

ఇంకో రెండు వింతలు కూడా ఉండేవి. నా గొంతు మొద్దుబారి, ఫోనెత్తి హలో అంటే అవతలివాళ్లు "అన్నా, అక్క ఉండాదా?" అని అడిగేవారు. రెండోది చలి. పావగడ ఎండ ఎలా ఉంటుందో మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది, బండరాళ్లకు కూడా చెమటలు పట్టే ఎండ. ఆ ఎండలో నేను అమ్మ పాత స్వెట్టరు ఒకటి వేసుకుని తిరిగేదాన్ని. ఈ నిద్ర, ఈ గొంతు, ఈ చలి మూడూ ఒకే తల్లి పిల్లలని మాకెవరికీ తట్టలేదు. నిద్రకు సోమరితనమనీ, గొంతుకు ఐసు తిన్నాననీ, స్వెట్టరుకు షోకనీ మూడు వేర్వేరు తిట్లు ఏర్పాటు చేసుకున్నాం.

అలాంటి నాకు సోలారులో ప్లేట్లు కడిగే పని దొరికింది. మా గుంపులో ఆరుగురు ఆడవాళ్లం. పొద్దున్నే ఎండ ముదరకముందే ట్రాక్టరు ట్యాంకరు వెనక నడుస్తూ, ఒకరు పైపుతో నీళ్లు కొడితే ఇంకొకరు పొడుగు కర్ర బ్రష్షుతో దుమ్ము తుడవాలి. ఎండ ఎక్కాక ప్లేట్ల కింద మొలిచిన గడ్డి పీకాలి. చదువు పోయింది, ఇదైనా నిలబెట్టుకోవాలని నాకు నిజంగానే పట్టుదలగా ఉండేది. మా మీద ఒక సూపర్‌వైజరు ఉండేవాడు. వేరే జిల్లా మనిషి, బూట్లు ఎప్పుడూ తళతళ మెరవాలి ఆయనకు. మేము బూటు సార్ అనేవాళ్లం. పనిలో చేరిన మూడో వారం నేను పైపు పట్టుకుని నిలబడే నిద్రపోయాను. నిలబడి నిద్రపోవడం ఒక విద్యే అనుకోండి, కానీ చేతిలో పైపు ఉంటే అది దాని దారిన అది తిరుగుతుంది. చల్లని జల్లు శబ్దం వింటూ నేను ఏదో వానలో నడుస్తున్నాననుకున్నాను. ఆ వానంతా బూటు సార్ బూట్లలో కురుస్తోందట. "ఇది పని చేసే జాగా అమ్మా, పండుకునే జాగా కాదు. ఇంకొక్క తూరి సూసినానంటే గేటు బయటే" అన్నాడు ఆయన, అడుగేస్తే పచక్ పచక్‌మంటూ.

ఆ ఇంకొక్క తూరి వేసవిలో వచ్చింది. పొద్దుటి కడుగుడు పని అయిపోయి, గడ్డి పీకడానికి తలా ఒక వరస పంచుకున్నాం. నాకు దక్కింది కంచె పక్కన చివరి వరస. కంచె అవతల ఏనుగు వీపులాంటి నల్లగుండు బండ ఒకటి ఉంది. అది మా చేని గుండు. అంటే నేను నిలబడ్డది మా చేలోనే. సోలారుకు ఇవ్వకముందు నేనిక్కడే పుట్టానన్నంతగా పెరిగాను. చెనక్కాయలు పీకే రోజుల్లో అమ్మ ఈ గుండు నీడలోనే చీర ఉయ్యాల కట్టి నన్ను పడుకోబెట్టేదట. ఇప్పుడు నా నెత్తి మీద ఆకాశానికి బదులు నీలం ప్లేట్లు. పొద్దున కడిగిన నీళ్లు వాటి అంచుల నుంచి ఇంకా ఒక్కో బొట్టు జారుతున్నాయి. కింద మట్టి తడిసి, తొలకరి వాసన వేస్తోంది. బయట ఎండ తెల్లగా కాలిపోతూ ఉంటే, లోపల నీలినీడ చెరువు అడుగులా చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. రెండు గుప్పిళ్ల గడ్డి పీకాను. మూడో గుప్పెడు పట్టుకుని, ఐదు నిమిషాలే అని స్వెట్టరు మెడదాకా లాక్కుని ఒత్తిగిల్లాను.

ఎంత తియ్యని నిద్ర అది! ఈ రోజుకీ తలుచుకుంటే ఒళ్లు మెత్తబడుతుంది. ఉయ్యాల ఊగుతోంది. చేనంతా పచ్చగా, చెనక్కాయ పూలు పసుపుపచ్చగా ఉన్నాయి. దూరంగా ఎవరెవరో నా పేరు పెట్టి పిలుస్తున్నారు. ఒకరు కాదు, పదిమంది. నేను ఉయ్యాలలో నుంచే "ఆఁ, ఈడే ఉండా" అని చాలా మర్యాదగా జవాబు చెప్పాను. కలలో చెప్పిన జవాబు బయటికి వినపడదని అప్పుడు నాకేం తెలుసు?

బయట జరిగింది వేరే. (ఇదంతా తర్వాత పదిమంది పదిరకాలుగా చెప్పిన కథ. అందరికీ సమ్మతమైన భాగమే మీకు చెబుతున్నాను.) మధ్యాహ్నం సెక్యూరిటీ విజిల్ మామ ఆ దారిన నడిచి వెళ్తున్నాడు. ఆయన మా ఊరివాడే, రోజూ మెడలో వేలాడే విజిల్‌ను బట్టి ఆ పేరు. ఆయనకు ప్లేట్ల కింది నుంచి గుర్రుమనే శబ్దం వినిపించింది. ఆగి విన్నాడు. మళ్లీ గుర్రు. అంత పెద్ద ఇనుప పందిరి కింద శబ్దం ఒకచోట పుట్టి నాలుగు చోట్ల మోగుతుంది, ఎటు నుంచి వస్తోందో తెలియదు. నిడుగల్లు కొండల దిక్కు నుంచి ఎలుగుబంట్లు అప్పుడప్పుడు దిగుతాయని అందరికీ తెలిసిందే. మామ విజిల్ ఊదడం మర్చిపోయి గేటుదాకా పరిగెత్తాడు. "గుడ్డెలుగప్పా! గుడ్డెలుగు! ప్లేట్ల కింద ఉండాది! గుర్రుమంటాండాది!" అని కేకలు. పని ఆగిపోయింది. అందర్నీ గేటు దగ్గరికి చేర్చి తలలు లెక్కపెట్టారు. ఒక తల తక్కువైంది. ఆ తల నాది.

నవ్వులాటగా చెబుతున్నాను కానీ, ఆ క్షణంలో అక్కడెవరూ నవ్వలేదట. మా గుంపులో ఆడవాళ్లు నా పేరు పెట్టి పిలిచీ పిలిచీ గొంతులు పోగొట్టుకున్నారు. బూటు సార్ మొహం పాలిపోయి, ఫారెస్టువాళ్లకు ఫోన్ చేస్తూ నంబరు మూడుసార్లు తప్పు నొక్కాడు. ఎవరో బైకు మీద మా ఇంటికి వెళ్లి, "మీ పాప కనపడలా, లోపల గుడ్డెలుగు ఉండాదంట" అని రెండు ముక్కలు ఒకే ఊపిరిలో చెప్పారు. అమ్మ పిండి కలుపుతున్న చేతులతో అలాగే బైకెక్కి వచ్చింది. చెప్పులు కూడా వేసుకోలేదు. "నా బిడ్డ యాడ? నా బిడ్డ యాడ సార్?" అని బూటు సార్ చొక్కా పట్టుకుని ఊపేసింది. ఆయన ఆ పిండి మరకలతోనే సాయంత్రందాకా తిరిగాడట.

ఫారెస్టాయన జీపులో వచ్చాడు. నడివయసు మనిషి, పెద్ద మీసాలు, నిదానం. వెంట ఇద్దరు మనుషులు, ఒక వల, సంచీ నిండా టపాసులు. "గుడ్డెలుగును బెదిరించొద్దు. అది బెదిరితే మనిషి మీదికి వస్తాది. అందరూ కిమ్మనకుండా ఉండండి, ముందు ఇందాం" అన్నాడు. యాభై మంది ఊపిరి బిగబట్టారు. ప్లేట్ల కింది నుంచి లోతుగా, పొడుగ్గా వచ్చింది, గుర్ర్ర్. అమ్మ ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

"ఆగండప్పా" అంది అమ్మ. "ఇంకోతూరి రానీండి."

మళ్లీ వచ్చింది. ఈసారి గుర్రు చివర సన్నగా ఈలలాంటిది సాగి ఆగింది.

"ఆ ఈల విన్నారా? అది గుడ్డెలుగు కాదు సార్" అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "అది మా పాప."

"మీ పాపనా?" అన్నాడు బూటు సార్.

"దినామూ పక్కన పండుకొని ఇంటాండా కదా సార్. నా బిడ్డ గురక నాకు తెలీదా?"

నేను కళ్లు తెరిచేసరికి నా చుట్టూ మనుషుల కాళ్లు. పైకి చూస్తే కర్రలు, ఒక వల, విజిల్ మామ, మా గుంపు ఆడవాళ్లు, ఎవరో మీసాలాయన, బూటు సార్, ఏడుస్తూ నవ్వుతున్న అమ్మ. నా చేతిలో మూడో గుప్పెడు గడ్డి ఇంకా అలాగే ఉంది. ఇంతమంది ఒకేసారి ఎందుకొచ్చి ఉంటారా అని ఆలోచించి, నాకు తోచిన ఒకే ఒక్క కారణం అడిగాను.

"టీ వచ్చినాదా అక్కా?"

ఆ నవ్వు కంచె దాటి రోడ్డుదాకా వినపడి ఉంటుంది. వల పట్టుకున్నవాడు వల కింద పడేసి నవ్వాడు. బూటు సార్ ఒక్కడే నవ్వలేదు. భయం దిగిన మనిషికి కోపం ఎక్కుతుంది కదా. "రేపట్నుంచి పనికి రావద్దు" అన్నాడు. ఆ మాటకు నా మత్తంతా వదిలిపోయింది. లేచి నిలబడి ఏదో చెప్పబోయాను. మొద్దు గొంతులోంచి ఏడుపే వచ్చింది.

అప్పుడు ఫారెస్టాయన నా ముందుకొచ్చి కాసేపు నన్నే చూశాడు. "ఏం పాపా, ఇంత ఎండలో స్వెట్టరేంది? సలిగా ఉండాదా?" అన్నాడు.

"ఔ సార్. ఎప్పుడూ సలే."

"గొంతు ఎప్పట్నుంచి ఇట్లుండాది?"

"రెండు మూడేండ్ల నుంచి."

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మా ఇంట్లో ఆమెకు ఇట్లే ఉండె" అన్నాడు అమ్మతో. "నాలుగేండ్లు. నేను అడివంతా తిరిగి ఇంటికొస్తే పండుకొని ఉండేది. సోమరిదానా అంటి. నోటికొచ్చినట్ల తిడితి. కడాకు రక్తం సూపిస్తే థైరాయిడ్ అనిరి. ఆమె ఏమీ అన్లేదు. నేనే ఆ మాటలు మర్సిపోలేకుండా ఉండా. ఒక జంతువు పగలంతా పండుకుంటే దానికేం రోగమోనని మేము పోయి సూస్తాం. ఈ పాపకు ఒగతూరి రక్తం సూపించమ్మా. ఇది ఒట్టి నిద్దర కాదు." తర్వాత బూటు సార్ వైపు తిరిగి, "మీరూ ఒగ నెల ఆగండి సార్" అన్నాడు. బూటు సార్ తన చొక్కా మీది పిండి దులుపుకుంటూ, "డాక్టర్ చీటీ తేనీ, సూద్దాం" అని గొణిగాడు. ఎలుగుబంటిని పట్టడానికి వచ్చిన మనిషి నా రోగాన్ని పట్టుకుని వెళ్లిపోయాడు.

మరుసటి రోజే అమ్మ, అవ్వ, నేను పావగడ ఆస్పత్రికి వెళ్లాం. (బస్సులో నేను నిద్రపోయాను. పాత అలవాటు.) అక్కడ బెంచీ మీద వంతు కోసం కూర్చుని కూడా నిద్రపోయాను. నా పేరు పిలిస్తే అమ్మ నన్ను నడిపించుకుంటూ లోపలికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ నా మెడ తడిమి చూసి, బరువు, జుట్టు రాలడం, చలి, అన్నీ అడిగి, రక్తం పరీక్ష రాసింది. ఫలితం వచ్చిన రోజు కాగితం చూసి, "థైరాయిడ్ బాగా తక్కువగా ఉందమ్మా. మెడలో సీతాకోకచిలుకలాగా చిన్న గ్రంథి ఉంటుంది. అది సరిగా పనిచేయకపోతే ఒళ్లంతా మందగిస్తుంది. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర. బాగయింది కదా అని మీ అంతట మీరు మానేయకూడదు. మళ్లీ పరీక్ష చేసి మోతాదు చూసుకోవాలి" అంది.

అవ్వ కొంగు సర్దుకుని ముందుకు జరిగింది. "అంటే ఆ గొంతులోది సోమరిది, మా పాప కాదు, అంతే కదమ్మా?"

డాక్టరమ్మ నవ్వేసింది. "అంతే అవ్వా."

అమ్మ నవ్వలేదు. "మేడం" అని ఆగి, "అంటే ఇది కావాలని పండుకోలేదా?" అని అడిగింది.

"లేదమ్మా. పాపం, ఆ పిల్ల చేతుల్లో ఏముంది?"

అమ్మ కాగితం నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు కళ్లు మూతపడుతుంటే, మొదటిసారి నన్ను తట్టి లేపలేదు. నా తల తీసి తన భుజం మీద పెట్టుకుంది.

మాత్ర వేసుకున్న మరునాడే లేడిపిల్లలా గెంతాననుకోకండి. మొదటి వారం మాత్ర వేసుకునీ నిద్రపోయాను. అవ్వ అయితే "ఆ సీతాకోకచిలుక ఇంకా లేయలేదేమో" అని నా మెడ కేసి అనుమానంగా చూసేది. మెల్లమెల్లగా, పొగమంచు విడిచినట్టు, ఏదో తేలికైంది. ఒకరోజు స్వెట్టరులో ఉక్కపోసింది. ఇంకొకరోజు ఫోనులో ఎవరో నన్ను "అక్కా" అన్నారు. డాక్టరు చీటీ చూపిస్తే బూటు సార్ నన్ను మళ్లీ పనిలోకి తీసుకున్నాడు, కాకపోతే చాలాకాలం పైపు మాత్రం నా చేతికి ఇవ్వనివ్వలేదు. ఊరివాళ్లు "ఏం గుడ్డెలుగూ, బాగుండావా?" అని పలకరిస్తే మొదట్లో కుమిలిపోయేదాన్ని, తర్వాత "బాగుండా మామా" అని పలికేదాన్ని. ఇప్పుడు ఆ గుంపుకు నేనే పెద్దను. ఆరుగురినీ నేనే లెక్కపెట్టుకుంటాను. ఆదివారం మధ్యాహ్నం కాస్త నడుం వాల్చినా నిద్ర రాదు. అప్పటి ఆ ఇరవై రెండేళ్ల పిల్ల నిద్ర మీద, ఆ నీలినీడలో ఊగిన ఉయ్యాల మీద, అప్పుడప్పుడు కొంచెం అసూయ కలుగుతుంది.

మాత్రలు మొదలుపెట్టిన రెండు నెలలకు ఒక తెల్లవారుజామున నాకు దానంతటదే మెలకువ వచ్చింది. ఎవరూ దుప్పటి లాగలేదు. ఎవరూ తిట్టలేదు. బయట గొర్రెలు ఇంకా దొడ్లోనే కదులుతున్నాయి. ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటా అని పక్కకు తిరిగి చూస్తే, అమ్మ నిద్రపోతోంది. ఒక చెయ్యి తల కింద, చిన్నపిల్లలా మోకాళ్లు ముడుచుకుని, ముఖంలో ఏ తొందరా లేకుండా. నేను చప్పుడు చేయకుండా లేచి కసువు ఊడ్చి, పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టాను. అవ్వ లేచి వచ్చి, "ఏందే ఇది, అదింకా పండుకొనే ఉండాది? లేపు, పొద్దు పోతాది" అంది. "పండుకోనీ అవ్వా" అన్నాను. వెళ్లి మళ్లీ అమ్మ పక్కన కూర్చున్నాను, ఎసరు కాగి మూత ఎగిరేదాకా. ఇరవై రెండేళ్లు ఒకే చాప మీద పడుకున్నాం. అమ్మ నిద్రపోతే ఎలా ఉంటుందో నేను చూడటం అదే మొదటిసారి. చూడాలంటే ముందు నేను మేలుకుని ఉండాలి కదా!